జట్‌పురా గేటు దగ్గర పగిలిన అద్దం

నాకు చంద్రపూర్ బదిలీ అయిందని తెలియగానే నాగపూర్ మిత్రులందరూ ఒకే సలహా ఇచ్చారు: "రెండు కూలర్లు కొనుక్కోండి, మధ్యాహ్నం పూట బయటికి రాకండి" అని. తాడోబా పులుల గురించి ఒక్కరూ భయపెట్టలేదు. నాగపూర్ వాళ్ళే ఎండ గురించి హెచ్చరించారంటే ఆ ఎండ ఎలాంటిదో పాఠకులే ఊహించుకోవచ్చు. మే నెలలో 45, 46 డిగ్రీలు ఇక్కడ మామూలు మాట. ఊరికి ఆనుకునే 2920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో సంతకం చేయవచ్చు.

అయినా నాకు ఈ ఊరు నచ్చింది. పాత పేరు చాందా. 'చాందా ఫోర్ట్' అనే రైల్వే స్టేషను పేరులో ఆ పాత పేరు ఇంకా బతికే ఉంది. గోండు రాజులు కట్టిన కోటగోడ ఊరి చుట్టూ నేటికీ నిలిచి ఉంది. దానికి నాలుగు పెద్ద ద్వారాలు – జట్‌పురా, అంచలేశ్వర్, బిన్‌బా, పఠాన్‌పురా. ఏనుగులు నడిచిన జట్‌పురా ద్వారంలోంచి ఇప్పుడు ఆటోలు, స్కూటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తుంటాయి. ఇక తెలుగు మాటకైతే ఇక్కడ కరువే లేదు. పక్కనున్న బల్లార్‌పూర్ కాగితపు మిల్లులోనూ గనుల్లోనూ మూడు తరాల నుంచి మనవాళ్ళున్నారు. రాజురా తాలూకా అయితే 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా మన ఆదిలాబాదు జిల్లాలోదే. మా బ్యాంకు కౌంటరు దగ్గర మరాఠీలో మొదలైన సంభాషణ ఎన్నోసార్లు "మీరు తెలుగోళ్ళా సార్?" అనే ప్రశ్నతో తెలుగులోకి దిగుతుంది. మా అమ్మ ఉండే మంచిర్యాల కూడా ఇక్కడికి దగ్గరే. బల్లార్షా దాటి కాగజ్‌నగర్, బెల్లంపల్లి మీదుగా రైలు వెళ్తుంది. ఈ బదిలీ నేను కాదనకపోవడానికి అసలు కారణం అదే.

2024 ఏప్రిల్‌లో, చైత్రమాసపు మహాకాళి జాతర రోజుల్లో, నా ఫోను పగిలింది. ఝర్‌పట్ నది ఒడ్డున ఉన్న ఆ గుడికి నాందేడ్, పర్భణీ వైపు నుంచీ మన తెలంగాణ వైపు నుంచీ జనం తండోపతండాలుగా వస్తారు. ఆ తోపులాటలో ఫోటో తీయబోయాను. ఎవరిదో మోచేయి తగిలింది. ఫోను మొహం కిందుగా రాతి మెట్టు మీద పడింది. తీసి చూస్తే అద్దం మీద సాలెగూడు. వెలుగుతోంది, మోగుతోంది, కానీ సగం తెర నల్లబడింది.

నేను బీకాం చదివినవాణ్ణి, ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. కొటేషన్లు తీసుకోకుండా ఏ పనీ చేయను. కంపెనీ వారి సర్వీసు సెంటరులో తెర మార్పిడికి 9,700 రూపాయలు అన్నారు. అదీ ముందు డబ్బు కడితే నాలుగైదు రోజుల్లో సరుకు తెప్పిస్తారట. జట్‌పురా గేటు నుంచి గాంధీ చౌక్ వెళ్ళే దారిలో అడుగడుగునా ఫోను దుకాణాలున్నాయి. ఒకచోట 4,500 అన్నారు, ఇంకోచోట 1,800 అన్నారు. ఆ చివరివాడు "ఒరిజినల్ జైసా హీ హై సాబ్, అర్ధగంటలో ఇచ్చేస్తా" అన్నాడు. 'ఒరిజినల్' అనలేదని, 'ఒరిజినల్ లాంటిదే' అన్నాడని నాకు అప్పుడు తోచలేదు. రుణపత్రాల్లో ఒక్క అక్షరం అటూయిటూ అయితే పట్టుకునేవాణ్ణి!

ఫుట్‌పాత్ మీద నిలబడి లెక్క వేశాను. 2021లో 24,000 పెట్టి కొన్న ఫోను. ఏడాదికి 40 శాతం చొప్పున తరుగుదల తీస్తే మూడేళ్ళకు దాని పుస్తక విలువ 5,184 రూపాయలు. 5,184 రూపాయల ఆస్తికి 9,700 రూపాయల మరమ్మతా? ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు? 1,800 ఇచ్చాను. బిల్లు అడిగితే చిన్న చీటీ ఇచ్చాడు. దాని మీద '15 దిన్ టెస్టింగ్' అని మాత్రం రాసి ఉంది. సరిచూడటానికి కావాలన్నాడని ఆ చీటీ అడుగుభాగాన నా ఫోను తాళం అంకెలు కూడా రాసి ఇచ్చాను. మీ పిన్ను నంబరు ఎవరికీ చెప్పకండి, ఎక్కడా రాయకండి అని రోజూ ఖాతాదారులకు హితబోధ చేసే అధికారిని నేనే.

ఇంటికొచ్చాక కొన్ని తేడాలు కనబడ్డాయి. రంగులు కాస్త వెలిసినట్టున్నాయి. తెర మీద వేలు పెడితే తెరుచుకునే ఫోను ఇప్పుడు తెరుచుకోవడం లేదు, అంకెలు కొట్టాల్సిందే. పొద్దున నిండుగా చార్జి చేస్తే రాత్రిదాకా వచ్చేది సాయంత్రం అయిదుకే నీరసపడుతోంది. ఒక అంచు గోటికి తగిలేంత ఎత్తుగా ఉంది. వెళ్ళి అడిగితే "సెట్టింగ్ కా ప్రాబ్లం" అన్నాడు. 1,800లో ఇంతకన్నా ఏం వస్తుందిలే అని సర్దుకున్నాను.

మే నెల వచ్చింది. ఫోను దానంతట అదే నొక్కుకోవడం మొదలెట్టింది. భోజనాల వేళ మా రీజినల్ మేనేజరుగారికి ఫోను చేసింది. నేను ముద్ద నోట్లో పెట్టుకుని ఉన్నాను, అవతల ఆయన హలో హలో అంటున్నారు. మా ఆవిడ దీనికి దిష్టి తీయాలంది. దుకాణాల వాళ్ళు దీన్ని 'గోస్ట్ టచ్' అంటారని తర్వాత తెలిసింది. మా ఆవిడ చెప్పింది మరీ తప్పేం కాదన్నమాట. ఒకరోజు పెట్రోలు బంకులో తప్పు అంకెలు తనే కొట్టేసుకుంది. నేను మళ్ళీ కొట్టేలోపు మరో రెండు తప్పులు. ఆ రోజుకి యూపీఐ చెల్లింపులు ఆగిపోయాయి. బ్యాంకు అధికారిని, పెట్రోలు బంకు కుర్రాడి ముందు జేబులు తడుముకుంటూ నిలబడ్డాను. ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వుకోలేనిది మే నెలాఖర్లో జరిగింది.

ఆ రోజు మా ఆవిడ నాగపూర్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నాను. ఫోను చార్జింగులో పెట్టి, కూలరు ముందు పడుకున్నాను. రాత్రి రెండు దాటాక ఫోను మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి ఆ వేళప్పుడు ఊరికే ఫోను చేయదు. పచ్చ గుండ్రం మీద వేలు పెట్టి జరిపాను. కదల్లేదు. మళ్ళీ జరిపాను. చార్జరు పీకేశాను, వేలు లుంగీకి తుడుచుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగింది. మూడోసారి మోగింది. అద్దం కింద మా అమ్మ పేరు వెలుగుతూనే ఉంది, నేను దాన్ని వేళ్ళతో రుద్దుతూనే ఉన్నాను.

ఫోను ఆపి మళ్ళీ వేస్తే తాళం అంకెలు అడిగింది. ఒక్క అంకె కూడా పడలేదు. పక్కింటి తలుపు కొట్టాను. "కాయ్ ఝాలం, సాహెబ్?" అంటూ ఆయన వెంటనే తన ఫోను చేతికిచ్చాడు. తీసుకున్నాను. అప్పుడు తెలిసింది, నాకు మా అమ్మ నంబరు నోటికి రాదని. పాతికేళ్ళ నాటి మంచిర్యాల ల్యాండ్‌లైను నంబరు ఇప్పటికీ గడగడా చెబుతాను. ఆ కనెక్షను తీసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పటి నంబరు ఆ చచ్చిన తెర వెనకాల ఉంది. మా ఆవిడ నంబరు తెలుసు కాబట్టి చేశాను. ఆమె నిద్రలో ఉంది, ఎత్తలేదు.

పక్కింటాయనే ఉపాయం చెప్పాడు. గుండుసూదితో నా ఫోనులోంచి సిమ్ కార్డు తీసి ఆయన ఫోనులో వేశాం. నాలుగో కాలు అలా అందింది. చేసింది అమ్మ కాదు, ఎదురింటావిడ. అమ్మ స్నానాలగది గడప దగ్గర జారి పడిందట. కుడి మణికట్టు విరిగింది. ఎడమచేత్తో నాకు మూడుసార్లు చేసి, ఆ తర్వాత కేకలు వేసిందట. వాళ్ళే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. పొద్దున మొదటి రైలుకు నేను వెళ్ళేసరికి పిండికట్టు వేశారు. నన్ను చూసి, "మూడుసార్లు జేసిన కొడుకా, ఎత్తవైతివి. నిద్రవట్టిందేమో అనుకున్న" అంది. ఫోను పాడైందని చెప్పాను. ఎందుకు పాడైందో, ఎంత మిగుల్చుకున్నానో చెప్పలేదు.

తిరిగొచ్చాక ఫోను పట్టుకుని మొదటి దుకాణానికి వెళ్ళలేదు. పదిహేను రోజుల గడువు ఎప్పుడో దాటింది. మా బ్యాంకులో పనిచేసే అతను చెప్తే బల్లార్‌పూర్‌లో ఒక కుర్రాడి దగ్గరికి వెళ్ళాను. అతని తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చి గనిలో పనిచేశాడట. కళ్ళకు అద్దం తగిలించుకుని, వేడిపళ్ళెం మీద ఫోను పెట్టి తెర ఊడదీస్తూ ఆ కుర్రాడు నాకు గంటసేపు పాఠం చెప్పాడు.

"అంకుల్, మీ ఫోన్ల ఉండాల్సింది ఓఎల్‌ఈడీ. వాడేసింది కాపీ ఎల్‌సీడీ" అన్నాడు. మనం అద్దం అంటాంగానీ అది ఒక్క అద్దం కాదట. పైన గట్టి గాజు, దాని కింద వేలి తాకిడిని పసిగట్టే పొర, ఆ కింద బొమ్మ చూపే పలక, ఇవన్నీ పారదర్శకమైన జిగురుతో అతికి ఉంటాయి. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. ఎల్‌సీడీకి వెనకనుంచి వేరే దీపం కావాలి. అందుకే మందం ఎక్కువ. చట్రంలో సరిగ్గా కూర్చోదు, అంచు లేస్తుంది. నల్లటి బొమ్మ చూపేటప్పుడు కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీని తాగుతుంది. తెర అడుగున ఉండే వేలిముద్ర యంత్రం ఓఎల్‌ఈడీలోంచి చూడగలదు, ఎల్‌సీడీ వెనక దీపపు పొరను దాటి చూడలేదు. సెట్టింగులో లోపం అని నాకు చెప్పిన సంగతి అసలు గుట్టు ఇది. ఇక తాకిడి పొరను నడిపే చిప్పు నాసిదైతే వేడెక్కినప్పుడూ, చార్జరు తగిలించినప్పుడూ తికమక పడుతుంది. ఐఫోను కంపెనీ తన ఫోన్లను 35 డిగ్రీలు దాటని చోట వాడమంటుంది. చంద్రపూర్‌లో అర్ధరాత్రి కూడా ఆ షరతు నెరవేరడం కష్టమే!

తెర పూర్తిగా ఊడాక అతను ఫోను నా వైపు తిప్పి చూపించాడు. చట్రం లోపల సన్నటి నల్లని నుసి. అంచు సందులోంచి దూరిన మన చంద్రపూర్ దుమ్ము. దానికన్నా నన్ను భయపెట్టింది బ్యాటరీ. పాత తెర పెకలించేటప్పుడు ఇనప పనిముట్టు గీరిన చార దాని మీద ఉంది, కొంచెం ఉబ్బింది కూడా. "ఇంకింత లోపలికి దిగితే నిప్పంటుకునేది అంకుల్" అన్నాడు మామూలుగా. ఆ ఫోను రోజూ తలగడ పక్కన పెట్టుకునే పడుకున్నాను నేను.

మంచి తెరను గుర్తుపట్టడం ఎలా అని అడిగాను. అతికించకముందే కేబులు తగిలించి వెలిగించి చూపించమనాలట. దీపం ఆపి, పూర్తి నల్లటి బొమ్మ పెడితే ఓఎల్‌ఈడీ బొగ్గులా నల్లగా ఉంటుంది, ఎల్‌సీడీ బూడిదరంగులో మెరుస్తుంది. (బొగ్గుకీ బూడిదకీ తేడా ఈ జిల్లా వాళ్ళకు ఒకరు చెప్పాలా!) తర్వాత ఏదైనా ఒక గుర్తును వేలితో పట్టుకుని తెర మీద మూలమూలకూ ఈడ్చాలి. ఎక్కడైనా చేయి జారితే అక్కడ తాకిడి లేనట్టే. ఓఎల్‌ఈడీలోనూ రకాలున్నాయట. ఒరిజినల్ తెర పై గాజు మాత్రమే మార్చి అమ్మేవి, పాత ఫోన్ల నుంచి తీసినవి, చైనాలో కొత్తగా చేసిన నకళ్ళు. ఈ సరుకులో చాలావరకు షెన్‌జెన్ నగరపు హువాచియాంగ్‌బే బజారు లాంటి చోట్ల పుట్టి, హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ వంటి బజార్ల మీదుగా మన వీధికొస్తుంది. నకళ్ళన్నీ చెడ్డవని అతను అనలేదు. "ఏది ఏస్తున్ననో చెప్పి ఎయ్యాలె, గంతే" అన్నాడు.

బ్యాంకువాణ్ణి కదా, మోసాల సంగతి అడక్కుండా ఉండలేకపోయాను. తెరలోనే దొంగ ఉండవచ్చా? ఉండవచ్చునని 2017లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసి చూపారు. మార్చిన తెరలో చిన్న చిప్పు దాచి, ఫోను యజమానికి తెలియకుండా మీటలు నొక్కించారు. అయితే అది ప్రయోగశాల ముచ్చట. మన గాంధీ చౌక్ దుకాణదారుకు అంత విద్యా లేదు, అంత తీరికా లేదు. నా అనుభవంలో అసలు ప్రమాదం నేను చీటీ మీద రాసిచ్చిన అంకెలే. సిమ్ తీసేసి, ఫోటోలూ నంబర్లూ వేరేచోట దాచుకుని, చెల్లింపుల యాప్‌లు తొలగించి, వీలైతే ఎదురుగా కూర్చుని చేయించుకోవాలి. తాళం తీయాల్సివస్తే మనమే తీసివ్వాలి. ఇంటికొచ్చిన రోజే అంకెలు మార్చాలి.

అలాగని పాపమంతా చిన్న దుకాణాలదే అనను. కంపెనీలు తెరను సగం ఫోను ధరకు అమ్మితే జనం సందుల్లోకి వెళ్ళక ఏం చేస్తారు? 2018 మార్చి చివర్లో ఐఫోను సాఫ్ట్‌వేరు మారగానే, బయట తెరలు వేయించుకున్న ఐఫోన్ 8లు కొన్ని వేలికి పలకడం మానేశాయి. ఏప్రిల్‌లో కంపెనీ సరిచేసింది, పరాయి తెరల నాణ్యత బాగుండకపోవచ్చని ఒక చురక కూడా వేసింది. 2021లో వచ్చిన ఐఫోన్ 13లో బయట తెర వేయిస్తే మొహం చూసి తెరుచుకునే సౌకర్యం పోయేది. గోల చేశాక సరిదిద్దారు. యూరపులో 2025 జూన్ 20 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ఒక ఫోను అమ్మకం ఆగాక కూడా ఏడేళ్ళపాటు తెరలాంటి విడిభాగాలు దొరకాలి. మన ప్రభుత్వం 2022 డిసెంబరు 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. వినియోగదారుల సహాయానికి 1915 నంబరు ఉంది. కానీ ఫిర్యాదు చేయాలంటే బిల్లు ఉండాలి, నా దగ్గర ఉన్నది చీటీ.

ఆ బల్లార్‌పూర్ కుర్రాడు తెరకు 4,600, బ్యాటరీకి 1,200 తీసుకున్నాడు. ఏ రకం తెరో రాసి, ఆరునెలల పూచీతో పక్కా బిల్లు ఇచ్చాడు. దానికి ముందటి 1,800 కలిపితే 7,600. 5,184 రూపాయల ఆస్తి మీద. మంచిర్యాల ఆసుపత్రి ఖర్చు ఇందులో కలపలేదు, ఏ పద్దు కింద రాయాలో తెలియక.

వచ్చేటప్పుడు ఇంకో రెండు సంగతులు చెప్పాడు. తెర పలకనప్పుడు తీగ ఉన్న ఇయర్‌ఫోను గుచ్చి దాని బటను నొక్కితే కాలు ఎత్తవచ్చట. చిన్న ఓటీజీ ముక్కతో కంప్యూటరు మౌసు తగిలిస్తే చాలా ఫోన్లలో తాళం అంకెలు కూడా కొట్టవచ్చట. మా బ్యాంకు ఇచ్చిన మౌసు ఆ రాత్రి నా బల్ల మీదే ఉంది. సొరుగులో ఇయర్‌ఫోను కూడా ఉంది. "పాత డిస్‌ప్లే కావాల్నా అంకుల్?" అన్నాడు. ఇచ్చెయ్యమన్నాను.

బస్సు దిగి జట్‌పురా గేటు దాటుతుండగా ఫోను మోగింది. అమ్మ. రోడ్డు పక్కకు జరిగి వేలు జరిపాను. రెండో రింగుకే ఎత్తాను.

"ఏం రా, గింత జెల్ది ఎత్తినవ్? ఆఫీసుల పని లేదా?" అంది.